దెబ్బతిన్న వేలికి తగ్గట్టు వేణువును మార్చడం

వేలికి గాయమైతే వేణువు మానేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. వెదురు గొట్టానికి మీటలు ఉండవు, స్ప్రింగులు ఉండవు. రంధ్రం ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలో పని.

నేను హనుమకొండలో వేణువు నేర్పుతాను, పాతవి బాగుచేస్తాను, కొత్తవి చేస్తాను. నా దగ్గర నేర్చుకునే ఒక వడ్రంగికి కోత మిషన్‌లో ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపు పోయింది. ఆయన కోసం చేసిన వేణువును ఉదాహరణగా పెట్టుకుని పద్ధతి చెబుతాను. ఆయన వాయించేది ఆరు రంధ్రాల బాన్సురి (హిందుస్తానీ వేణువు), మూడు శ్రుతిది, పొడవు దాదాపు 30 అంగుళాలు. షాపులో అయితే ‘E స్కేల్’ అని అడగాలి.

ముందు ఆ వేలు చేసే పనేమిటో చూడండి. బాన్సురిలో ఎడమచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు పై మూడు రంధ్రాలు మూస్తే షడ్జం (స). ఉంగరపు వేలు ఎత్తితే రిషభం (రి). సగం ఎత్తితే కోమల రిషభం, అంటే కాస్త తగ్గిన రి. ఆ వేలి కింద గాలి లీకయితే షడ్జం వణుకుతుంది, దాని కింద ఉన్న మంద్ర (కింది స్థాయి) స్వరాలు నిషాదం, ధైవతం, పంచమం సరిగా పలకవు. అంటే మూడో రంధ్రం ఒక్కటి సరిగా మూయలేకపోతే సగం వేణువు పోయినట్టే.

పుండు పూర్తిగా మానే వరకు ఏ మార్పూ మొదలుపెట్టకండి. వాపు తగ్గాక వేలి ఆకారం మారుతుంది, అప్పటి కొలతలు పనికిరావు. డాక్టర్ దగ్గరికి, ఫిజియోథెరపీకి వెళ్లేటప్పుడు వేణువు వెంట తీసుకెళ్లండి. ‘ఫ్లూట్ వాయిస్తాను’ అంటే వాళ్లకు ఏమీ తెలియదు. పట్టుకుని చూపిస్తే ఏ కణుపు ఎంత వంగాలో, ఎంత ఒత్తిడి పడుతుందో వాళ్లే చూసి చెబుతారు.

తర్వాత, వెదురును ముట్టుకోకుండా అయ్యే పనుల సంగతి. రంధ్రాలన్నీ ఒకే వరసలో ఉన్న బాన్సురిని కుడివైపుకే కాదు, ఎడమవైపుకూ పట్టుకోవచ్చు. బాన్సురి విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా గారు అన్నపూర్ణాదేవి గారి దగ్గర శిష్యరికం చేసేటప్పుడు పట్టు మార్చి ఎడమవైపుకు వాయించడం మొదలుపెట్టారు. అలా తిప్పితే ఎడమచెయ్యి కిందికి వస్తుంది, దాని ఉంగరపు వేలు ఆరో రంధ్రం మీద పడుతుంది. ఆ రంధ్రం మూయాల్సింది పంచమానికే కాబట్టి ఇబ్బంది చాలా తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే. ఏళ్ల తరబడి ఒక పట్టుకు అలవాటుపడినవారిని మాత్రం దీనికి బలవంతపెట్టను. రెండో దారి, చిన్న వేణువు. ఐదు శ్రుతి బాన్సురి దాదాపు 25 అంగుళాలే ఉంటుంది, వేళ్ల మధ్య చాపు తగ్గుతుంది. వేళ్లు సాగక నొప్పి పుట్టేవారికి ఇది చాలు. వేలే పొట్టిదైపోయినవారికి ఇది సగం పరిష్కారమే.

మా వడ్రంగికి ఈ రెండూ నచ్చలేదు. పాత శ్రుతి, పాత పట్టు కావాలన్నారు. ఆయన కోరిక న్యాయమైనదే.

ఇక కొలతలు. ముప్పావు అంగుళం యూపీవీసీ పైపు ముక్క తీసుకోండి. దాని బయటి వ్యాసం దాదాపు 26.7 మిల్లీమీటర్లు, మూడు శ్రుతి బాన్సురి లావుకు దగ్గరగా ఉంటుంది. పైపు మీద పొడవునా ఒక గీత గీసి, పాత వేణువు రంధ్రాల స్థానాలు గుర్తు పెట్టండి. దెబ్బతిన్న వేలికి నూనెలో కలిపిన కుంకుమ రాయండి. వాయించేవారు కళ్లు మూసుకుని, మిగతా వేళ్లు వాటి గుర్తుల మీద పెట్టి, ఈ వేలిని నొప్పి లేకుండా ఎక్కడ వాలితే అక్కడ వాలనివ్వాలి. పైపు తుడిచి, కాసేపు ఆగి, మళ్లీ చేయించండి. మచ్చలు ఒకేచోట పడటం మొదలైతే అదే ఆ వేలి స్థానం. మా వడ్రంగి వేలి కుంకుమ మచ్చ గీత నుంచి 9 మిల్లీమీటర్లు పక్కకు, 3 మిల్లీమీటర్లు ఊదే రంధ్రం వైపుకు పడింది.

ఈ రెండు అంకెలూ ఒకటి కావు. రంధ్రాన్ని గొట్టం చుట్టూ పక్కకు తిప్పితే శ్రుతి మారదు, ఎందుకంటే ఊదే రంధ్రం నుంచి దాని దూరం అంతే ఉంటుంది. పొడవునా జరిపితే మారుతుంది. మూడు శ్రుతి బాన్సురిలో మూడో రంధ్రాన్ని 1 మిల్లీమీటరు పైకి జరిపితే రిషభం సుమారు 4 సెంట్లు పెరుగుతుంది. అర స్వరానికి 100 సెంట్లు. అందుకే పక్కకు ఎంత కావాలంటే అంత తిప్పండి, పొడవునా మాత్రం తప్పనిసరైతేనే జరపండి. కుడివైపుకు పట్టుకునేవారికి ఎడమచేతి వేళ్లు అవతలి వైపు నుంచి వస్తాయి, కాబట్టి పొట్టి వేలికి రంధ్రాన్ని అవతలికి తిప్పాలి. కుడిచేతి వేళ్లు మన వైపు నుంచి వస్తాయి, వాటికి మన వైపుకు తిప్పాలి.

పైకి జరిపిన రంధ్రాన్ని చిన్నది చేస్తే శ్రుతి దిగి సరిపోతుంది. ఆయన 3 మిల్లీమీటర్లకు పెరిగిన 12 సెంట్లను అలాగే తగ్గించాను. చిన్న రంధ్రం మూయడం కూడా తేలిక. కిందికి జరిపితే లెక్క తిరగబడుతుంది, రంధ్రం పెద్దది చేయాల్సి వస్తుంది. ఉంగరపు వేలు మొత్తం పోయి చిటికెన వేలితో మూయాలనుకునేవారు ఇక్కడే ఇరుక్కుంటారు. చిటికెన వేలు కిందికే వాలుతుంది, కానీ పెద్ద రంధ్రాన్ని మూసేంత వెడల్పు దానికి లేదు. అలాంటప్పుడు పొడవునా జరపకుండా బాగా అవతలికి తిప్పి, మణికట్టును కొంచెం పైకి జరిపి పట్టుకోవడం నేర్పాలి.

వెస్టర్న్ ఫ్లూట్‌లా మీట పెట్టొచ్చు కదా అని అడుగుతారు. మూడో రంధ్రానికి వద్దు. మీట మూస్తుంది, తెరుస్తుంది, మధ్యలో నిలవదు. వేలు మెల్లగా జారితేనే మీండ్ (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం) వస్తుంది, రంధ్రం సగం తెరిస్తేనే కోమల రిషభం వస్తుంది. ఆ రెండూ పోయాక మన సంగీతం వాయించి ఏం లాభం?

కొలతలు ఖాయమయ్యాక మంచి పాత వేణువును కోయకండి. దాన్ని అలాగే దాచి, కొత్త వెదురు మీద చేయండి. తప్పనిసరిగా పాతదాన్నే మార్చాలంటే, అదే వంపు ఉన్న వెదురు ముక్కతో పాత రంధ్రాన్ని పూడ్చి ఎరాల్డైట్‌తో అతికించండి. లోపలివైపు ఏ మాత్రం ఎత్తు మిగలకుండా నునుపుగా రుద్దాలి, లేకపోతే మంద్ర స్వరాలు గరగరలాడతాయి. పూర్తిగా ఆరనిచ్చి, రెండు పక్కలా నైలాన్ దారంతో బిగించి చుట్టండి.

కొత్త రంధ్రానికి డ్రిల్ వాడితే వెదురు చీలే ప్రమాదం ఉంది. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో కాల్చాలి, సన్న కడ్డీతో మొదలుపెట్టి లావు కడ్డీకి వెళ్లాలి. ఆరుబయట చేయండి, పొగ ఘాటుగా ఉంటుంది. కావలసిన దానికంటే చిన్నగా ఆపి, పెన్సిల్‌కు చుట్టిన గరుకు కాగితంతో కొంచెం కొంచెంగా పెంచుతూ ట్యూనర్ యాప్‌లో చూడండి. కాసేపు ఊది గొట్టం వెచ్చబడ్డాకే చూడాలి. ఏసీ గదిలో ఒక రకంగా, మా వరంగల్ ఎండల్లో ఇంకో రకంగా పలుకుతుంది కాబట్టి, విడిగా రిషభాన్ని కాకుండా అదే వేణువు షడ్జంతో పోల్చి చూడండి. శ్రుతి కాస్త ఎక్కువైపోతే రంధ్రం అంచుకు తేనెమైనం పూస్తే దిగుతుంది.

మిగిలిన వేలి కొసతో మూయబోతే నొప్పి పుడుతుంది, గాయపు మచ్చ ఎగుడుదిగుడుగా ఉండి గాలి కూడా పోతుంది. రెండు కణుపుల గీతల మధ్య మెత్తని భాగం రంధ్రం మీద పడాలి. గీత రంధ్రం మీదికి వస్తే ఎంత నొక్కినా లీకే. రంధ్రం చుట్టూ వెదురును కొంచెం చదునుగా రుద్దితే ఆ భాగం హాయిగా ఆనుతుంది. స్పర్శ తగ్గిన వేలయితే మూసుకుందో లేదో వేలికి తెలియదు, చెవితోనే కనిపెట్టాలి. వారికి మొదట దీర్ఘమైన షడ్జం ఒక్కటే సాధన చేయించండి, తర్వాత స-రి, రి-స. నొప్పి మొదలైన క్షణమే ఆపేయాలి.

పని పూర్తయ్యాక కొలతలన్నీ, అంటే ఊదే రంధ్రం నుంచి దూరం, పక్కకు తిప్పింది ఎంత, రంధ్రం వ్యాసం ఎంత, గొట్టం లోపలి వ్యాసం ఎంత, ఒక కాగితం మీద రాసి వాయించేవారికి ఇవ్వండి. వెదురు ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. ఆ కాగితం ఉంటే వేణువు చేసేవారెవరైనా ఇంకొకటి చేసి ఇవ్వగలరు.