క్వారీ వాననీటి ప్లాన్: ఈసీ, సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ దరఖాస్తు విధానం

చీమకుర్తి గ్రానైట్ అయినా, సైదాపురం వైపు క్వార్ట్జ్ అయినా, వాననీటి ప్లాన్‌కు విడిగా దరఖాస్తు ఫారం అంటూ ఉండదు. అది మైనింగ్ ప్లాన్‌లో మొదలవుతుంది, పర్యావరణ అనుమతి (ఈసీ) ఫైల్లో ఈఎంపీ (పర్యావరణ నిర్వహణ ప్రణాళిక) కింద చేరుతుంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల దాకా వెంట వస్తుంది. మూడు చోట్లా ఒకే డ్రాయింగు, ఒకే అంకెలు ఉండాలి. తేడా కనిపిస్తే కొర్రీ పడుతుంది.

వరుస ఇదీ. గనుల శాఖలో మైనింగ్ ప్లాన్ ఆమోదం తీసుకోవాలి. తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఈసీకి దరఖాస్తు: లీజు హద్దుల కేఎంఎల్ (డిజిటల్ మ్యాపు) ఫైలు, ఆమోదం పొందిన ప్లాన్, ఈఎంపీ జత చేయాలి. 500 మీటర్ల లోపు అదే రకం ఖనిజం లీజులు ఇంకా ఉంటే అన్నీ కలిపి క్లస్టర్ (ఒకే సమూహం) లెక్కలోకి వెళ్తుంది, ముందే చూసుకోండి. ఈసీ వచ్చాక అవసరమైన చోట మండలి నుంచి సీఎఫ్‌ఈ (ఏర్పాటుకు సమ్మతి), తవ్వకం మొదలుపెట్టే ముందు సీఎఫ్‌ఓ (నడపడానికి సమ్మతి). ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు మండలి ప్రాంతీయ కార్యాలయాలు ఒంగోలు, నెల్లూరులో ఉన్నాయి.

ఇక అసలు చిక్కంతా డ్రాయింగులోనే. చాలామంది లీజు విస్తీర్ణానికి మాత్రమే లెక్క కడతారు. వానకు లీజు హద్దు తెలియదు కదా, పైనున్న కొండవాలు నీళ్లూ దిగి వస్తాయి. అందుకే కాంటూరు (ఎత్తుపల్లాల) మ్యాపు మీద నీళ్లు దిగివచ్చే ప్రాంతమంతా హద్దు దాటి గీయాలి.

ఉదాహరణకు లీజు 3 హెక్టార్లు, పైవాలు 1.5 హెక్టార్లు అనుకుందాం. ప్రవాహ గుణకం (పడిన వానలో పారే వంతు) 0.7, గంటకు 100 మి.మీ. వాన పెట్టుకుంటే, 0.7 × 100 × 4.5 ÷ 360 = సెకనుకు 0.875 ఘనపు మీటర్లు (360 కొలతలు మార్చే అంకె). లీజు ఒక్కటే లెక్కేస్తే 0.58 వస్తుంది, అంటే మూడో వంతు తక్కువ. ఈసీ షరతుల్లో సాధారణంగా 50 ఏళ్ల వర్షపాత రికార్డు ఆధారంగా గరిష్ఠ వానకు 50 శాతం అదనం అడుగుతారు కాబట్టి 1.31కి డిజైన్ చేయాలి. ఏటా సగటు వర్షపాతం వేసి ఊరుకుంటే కుదరదు. కావాల్సింది గంట లెక్క.

దీనికి 200కు 1 వాలు, అడుగు వెడల్పు 0.9 మీ., పక్కలు 1:1, నీటి లోతు 0.7 మీ. ఉన్న గార్లండ్ డ్రెయిన్ (క్వారీ చుట్టూ తవ్వే కాలువ) సరిపోతుంది. పైన 0.3 మీ. ఖాళీ వదిలితే నోరు 2.9 మీటర్లు అవుతుంది. హద్దు వెంట వదలాల్సిన 7.5 మీటర్ల పట్టీలోనే ఇదీ, పూడిక తీసే జేసీబీ దారీ, గ్రీన్‌బెల్టూ పట్టాలి. కాగితం మీద చెట్లు మూడు వరసలు గీసి, డ్రెయిన్‌కు సన్న గీత పెట్టిన ప్లాన్లు తనిఖీలో నిలబడవు. నీటి వేగం సెకనుకు మీటరు దాటుతుంది కనుక మలుపుల్లోనూ, వాగులో కలిసే చోటా రాతి పేర్పు చూపించండి. లేకపోతే ఎర్రమట్టి ఒక్క తుపానుకే కోసుకుపోతుంది.

సెట్లింగ్ ట్యాంక్ (బురద అడుక్కి దిగే తొట్టి) లోతుగా ఉంటే చాలనుకోవడం పొరపాటు, పనిచేసేది పై వైశాల్యం. 0.05 మి.మీ. రేణువును ఆపాలంటే ఈ ప్రవాహానికి సుమారు 580 చ.మీ. కావాలి, కొంత అదనం కలిపి 48 × 15 మీటర్లు పెట్టవచ్చు. గుంతలో నిలిచిన నీళ్లు మోటారుతో తోడినా ఈ ట్యాంకులోకే రావాలి, నేరుగా వాగులోకి కాదు.

బురదంతా రాతి వ్యర్థం నుంచి కాదు, పైమట్టి నుంచే ఎక్కువగా వస్తుంది. మట్టి డంపు వేరుగా చూపండి. డంపు బెంచీల (మెట్ల) వాలు లోపలికి ఉండాలి, డంపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలున్న రిటైనింగ్ వాల్, దాని ముందు కాలువ ఉండాలి.

అనుమతి వచ్చాక జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఆరు నెలల నివేదికలు ఇవ్వాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి కనుక పూడికతీత సెప్టెంబరులోనే ముగించి, తేదీ ఉన్న ఫొటోలు తీసి పెట్టుకోండి. నీటి నమూనా నవంబరులో డ్రెయిన్ పారుతున్నప్పుడే ట్యాంక్ తూము దగ్గర పట్టాలి. నీటిలో కరగకుండా కలిసి ఉండే ఘనపదార్థాలు (సస్పెండెడ్ సాలిడ్స్) లీటరుకు 100 మి.గ్రా. మించకూడదు.