లాంగ్ ట్రిప్‌కు ముందు: పాత ఫోక్స్‌వ్యాగన్ బస్ ఇంజిన్ జాగ్రత్తలు

(నీళ్లతో కాక ఫ్యాన్ గాలితో చల్లబడే, నిలువు ఫ్యాన్ ఉన్న 1600 సీసీ ఇంజిన్లకు)

ఫ్యాన్ బెల్ట్: జనరేటర్‌నీ, కూలింగ్ ఫ్యాన్‌నీ తిప్పేది ఈ ఒక్క బెల్టే. డ్యాష్‌బోర్డులో జనరేటర్ ఎర్ర లైటు వెలిగితే, బెల్ట్ తెగి ఉండొచ్చు; వెంటనే బండి ఆపండి. 'ఛార్జింగే కదా, తర్వాత చూద్దాం' అనుకుని నడిపితే ఇంజిన్ పోతుంది. స్పేర్ బెల్ట్, దాన్ని మార్చే పానా బండిలోనే ఉంచండి.

ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు సీల్: చిరిగితే కింది వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ పీలుస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే.

వాల్వ్ గ్యాప్ (వాల్వ్‌కూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు): 0.15 మి.మీ., ఇంజిన్ పూర్తిగా చల్లారాకే సరిచూడండి.

ఆయిల్: మొత్తం పట్టేది 2.5 లీటర్లే. కాస్త తగ్గినా వేడి పెరుగుతుంది.

గేజ్: వేడి తెలియాలంటే హెడ్ గేజ్ (సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత చూపేది) చూడండి. ఆయిల్ ఉష్ణోగ్రత గేజ్ ఆలస్యంగా కదులుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు: ముందే గేరు తగ్గించండి. ఇంజిన్ వేగంగా తిరిగితేనే ఫ్యాన్ గాలి కొడుతుంది.