సబ్బు బిళ్ళ ఏ దేశాలు తిరిగొచ్చిందో కనిపెట్టడం ఎలా

నా ఉద్యోగం ఎగుమతి, దిగుమతి కాగితాలు చూడడం. అందుకేనేమో ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. మీకూ ఆ సరదా ఉంటే ఫోన్‌తో మాత్రం మొదలుపెట్టకండి, అన్ని విడిభాగాలు చూసి మొదటిరోజే విసుగొస్తుంది. సబ్బు తీసుకోండి.

ముందు బార్‌కోడ్ సంగతి తేల్చేద్దాం. 890తో మొదలైతే ఇండియాలో, 690తో మొదలైతే చైనాలో తయారైందని చాలామంది నమ్ముతారు. కంపెనీ తన బార్‌కోడ్‌ను ఏ దేశంలో నమోదు చేయించుకుందో తప్ప ఆ అంకెలు ఇంకేమీ చెప్పవు. 'మేడ్ ఇన్' కొంత నయం. కానీ సాధారణంగా అది కూడా సరుకు రూపం బాగా మారిన చివరి దేశం పేరే.

అసలు విషయమంతా పదార్థాల జాబితాలో ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నవి, ఫొటో తీసి పెద్దది చేసుకోండి. సోడియం పామేట్ అని ఉంటే అది పామాయిల్. ప్రపంచంలో తయారయ్యే పామాయిల్‌లో 80 శాతం పైగా ఇండోనేషియా, మలేసియాలదే. తమాషా ఏమిటంటే ఆ చెట్టు అక్కడిది కాదు, పశ్చిమ ఆఫ్రికా నుంచి వెళ్ళింది. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరి నూనె, ఇక్కడ ఫిలిప్పీన్స్ వైపు కూడా చూడాలి. సోడియం టాలోయేట్ అంటే పశువుల కొవ్వు. వీటన్నిటినీ సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాను ఉప్పునీటిలో కరెంటు పంపి తీస్తారు. చాలా దేశాల్లో చేస్తారు కాబట్టి దాని జాడ వెతకడం దండగ. 'పార్ఫమ్' దగ్గర ఎలాగూ దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క మాట కింద ఎన్ని పరిమళ ద్రవ్యాలున్నాయో కంపెనీ బయటపెట్టదు.

ఇప్పుడు మా కాగితాల భాష కాస్త కావాలి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1988లో అమల్లోకి తెచ్చిన హెచ్ఎస్ కోడ్‌లో ప్రతి సరుకుకీ ఒక నంబరు ఉంటుంది. మొదటి ఆరు అంకెలు దాన్ని వాడే దేశాలన్నిటిలోనూ ఒకటే. మనకు నాలుగు చాలు: సబ్బు 3401, పామాయిల్ 1511. ఐక్యరాజ్య సమితి వారి కామ్‌ట్రేడ్ వెబ్‌సైట్‌లో ఈ నంబరు, మీ దేశం, ఏడాది ఎంచుకుంటే ఎవరి దగ్గర ఎంత కొన్నారో తెలుస్తుంది. అది దేశం మొత్తం లెక్క, మీ చేతిలోని బిళ్ళది కాదు. అమ్మిన దేశం చెప్పే విలువ, కొన్న దేశం చెప్పే విలువ కలవకపోతే టెన్షన్ పడొద్దు. దిగుమతి లెక్కలో సాధారణంగా ఓడ కిరాయి, బీమా కూడా కలుస్తాయి.

తర్వాత మ్యాప్ తెరిచి దారి గీయండి. ప్రపంచ సరుకులో, పరిమాణం ప్రకారం, 80 శాతం పైగా సముద్రం మీదే వెళ్తుంది కాబట్టి ఓడరేవుల్నీ ఇరుకు దారుల్నీ గుర్తు పెట్టుకోండి. మలక్కా జలసంధి, సూయజ్ కాలువ మాటిమాటికీ తగులుతాయి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్‌లో అడ్డంగా ఇరుక్కుంటే ఆరు రోజుల పాటు ఆ దారి మూతపడింది. మీరు గీసిన గీత అటుగా వెళ్తోందా?

సబ్బు అయ్యాక టూత్‌బ్రష్ చూడండి, దాని కోడ్ 960321. కుచ్చు సాధారణంగా నైలాన్, పిడి ప్లాస్టిక్. రెండూ ఎక్కువగా ముడిచమురు నుంచే వస్తాయి కాబట్టి ఈసారి మీ వెతుకులాట చమురు బావుల వైపు తిరుగుతుంది.