పాత టేపుల్లోంచి ఫైళ్లు, 3వ పాఠం: బ్లాకులు విప్పుకోవడం

పోయిన పాఠంలో టేప్ ఇమేజ్‌కు (అంటే టేపులోని డేటానంతా ఉన్నదున్నట్టు ఎక్కించిన ఫైల్‌కు) నకలు తీసి, అసలుదాన్ని ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టేశాం. ఇక పనంతా నకలు మీదే. అభ్యాసానికి ఇచ్చిన ఇమేజ్ నేను తయారుచేసిందే. అందులో అనంతపురం, గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ లాంటి ఊర్ల పేర్లు, ఒక్కోదాని పక్కన శెనక్కాయ వేసిన ఎకరాలు ఉంటాయి. ఎకరాలు ఉత్తుత్తివే, ఎక్కడా వాడుకోకండి.

ముందు, ఫైల్‌లోని బైట్లను చూపించే ఓడీ (od) కమాండ్‌తో ఫైల్ మొదలు చూడండి. బైట్లను దశాంశంలో చూపించమంటే ఇలా వస్తుంది: 80 0 0 0 229 214 211 241. మొదటి నాలుగు బైట్లు టేప్ మీద ఉన్నవి కావు. ఇమేజ్ తీసిన ప్రోగ్రామ్ రాసిన పొడవు అది, చిన్న బైట్ ముందు. అంటే తర్వాత 80 బైట్ల బ్లాక్ (టేప్ మీద ఒకేసారి రాసిన ముక్క) ఉంది. బ్లాక్ అయిపోగానే అదే పొడవు మళ్ళీ ఉంటుంది. మూటకు రెండు కొసలా తూకం చీటీ కట్టినట్టన్నమాట. దీనివల్ల ఫైల్‌ను చివరి నుంచి వెనక్కి కూడా చదవొచ్చు. మధ్యలో ఎక్కడైనా పాడైతే రెండు వైపుల నుంచీ వచ్చి, పాడైన ముక్కను మాత్రం వదిలేయొచ్చు. ఇది పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్‌హెచ్ (SIMH) ప్రోగ్రామ్ పద్ధతి. ఇందులో పొడవు బేసి సంఖ్య అయితే డేటా తర్వాత ఒక బైట్ అదనంగా పడుతుంది. అది మరిచిపోతే అక్కడి నుంచి అన్నీ ఒక బైట్ జరిగిపోతాయి.

పొడవు స్థానంలో 0 0 0 0 కనబడితే అది టేప్ మార్క్, ఒక భాగం అక్కడితో అయిందనే గుర్తు. వరసగా రెండు వస్తే మామూలుగా డేటా అక్కడితో సరి. పొడవులోని నాలుగో బైట్ 128 అయితే, ఆ బ్లాక్ చదివేటప్పుడు డ్రైవ్‌లో తప్పు వచ్చిందని గుర్తు. దాన్ని పారేయకండి, వేరే ఫైల్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు 229 214 211 241 సంగతి. ఇది ఐబీఎం వాళ్ల ఎబ్సిడిక్ కోడ్‌లో (అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే ఒక పద్ధతి) వి, ఓ, ఎల్, 1. అంటే టేప్ లేబుల్, టేప్ వివరాలు రాసిన బ్లాక్. మామూలు కంప్యూటర్లు వాడే ఆస్కీ కోడ్‌లో రాసిన టేప్ అయితే అదే చోట 86 79 76 49 ఉండేది. ఇంగ్లిష్‌లో రాసిన అనంతపురం పేరు ఎబ్సిడిక్‌లో 193 213 193 213 227 193 215 228 217 అవుతుంది. ఎబ్సిడిక్‌లో ఖాళీ 64, ఆస్కీలో 64 అంటే @. అందుకే ఇలాంటి ఫైల్‌ను మామూలు ఎడిటర్‌లో తెరిస్తే తెరంతా @లే. టెన్షన్ పడక్కర్లేదు, డేటా బాగానే ఉందనడానికి అదొక మంచి సూచన.

లేబుళ్లు ఒక్కొక్కటి 80 బైట్లు. రెండో హెడర్ లేబుల్‌లో 5వ స్థానంలో రికార్డు (మన ఇమేజ్‌లో ఒక ఊరి వివరాలు) రకం, 6 నుంచి 10 వరకు బ్లాక్ పొడవు, 11 నుంచి 15 వరకు రికార్డు పొడవు ఉంటాయి. మన ఇమేజ్‌లో బ్లాక్ 3200, రికార్డు 80. అంటే ఒక్కో నిండు బ్లాక్‌లో 40 రికార్డులు. వాటి మధ్య కొత్త లైన్ గుర్తు ఏదీ ఉండదు, 80కొకసారి మనమే కోసుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. చాలామంది ఫైల్ మొత్తాన్ని నకలు తీస్తూ కోడ్ కూడా మార్చగల డీడీ (dd) కమాండ్‌కు ఇచ్చేసి ఆస్కీలోకి మార్చేస్తారు. ఊరి పేర్లు చక్కగా వచ్చేస్తాయి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఎకరాల గడి చూడండి. 4275 అనే సంఖ్యను కోబాల్ అనే పాత భాషలోని ప్రోగ్రాములు తరచూ ప్యాక్డ్ డెసిమల్‌గా, అంటే బైట్‌కు రెండంకెల చొప్పున, మూడు బైట్లలో రాస్తాయి: 4, 39, 92. ఒక్కో బైట్‌ను 16తో భాగించి, భాగఫలం ఒకటి, శేషం ఒకటిగా రెండు సగాలు చేస్తే 0-4, 2-7, 5-12. చివరి 12 అంకె కాదు, ప్లస్ గుర్తు. 13 ఉంటే మైనస్. ఇది అక్షరం కాదని డీడీకి తెలియదు కదా, 92ను ఎబ్సిడిక్‌లోని నక్షత్రం గుర్తు అనుకుని 42 చేసేస్తుంది. మూడు బైట్లూ 156, 27, 42గా మారిపోతాయి. కోడ్ మార్చే ఇంకో కమాండ్ ఐకాన్వ్‌తో (iconv) ఇప్పుడు వాడే యూటీఎఫ్-8 కోడ్‌లోకి మారిస్తే ఇంకో తలనొప్పి: ఆ 156 స్థానంలో 194, 156 అని రెండు బైట్లు వచ్చి, తర్వాతి గడులన్నీ పక్కకు జరుగుతాయి.

కాబట్టి వరస ఇది: పొడవులు తీసేయండి, బ్లాకులు విడదీయండి, 80 చొప్పున కోయండి, ఆ తర్వాతే గడి గడికీ మార్పు. మొదటి 20 బైట్లు పేరు, వాటిని అక్షరాలుగా మార్చండి. తర్వాతి మూడు బైట్లు ఎకరాలు, వాటిని సగాలుగా విప్పండి. పైతాన్‌లో అయితే ఎబ్సిడిక్‌కు సీపీ037 (cp037) అనే కోడెక్, అంటే కోడ్ మార్చే పట్టిక, ఉంది, పేర్లకు అది చాలు.

ఇంటిపని: డేటా తర్వాత వచ్చే మొదటి ముగింపు లేబుల్‌లో 55 నుంచి 60 వరకు బ్లాకుల సంఖ్య ఉంటుంది. మీరు విడదీసిన డేటా బ్లాకుల లెక్క దానితో కలవాలి. కలవకపోతే ముందు బేసి పొడవుల దగ్గర వెతకండి. రికార్డు పొడవు మారుతూ ఉండే టేపులను 4వ పాఠంలో విప్పుదాం.