ట్రైనింగ్ ఇచ్చాక కూడా బద్ద తగ్గలేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టండి

పలాస, కాశీబుగ్గ జీడి షెడ్లలోనైనా, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనైనా, విజయనగరం జిల్లా జూట్ మిల్లుల్లోనైనా ట్రైనింగ్ మీద వినిపించే ఫిర్యాదులు ఈ కింది ఎనిమిదే. ఇక్కడ ఎక్కువగా జీడి కటింగ్‌నే ఉదాహరణగా తీసుకున్నాం. అక్కడ తప్పు కళ్లెదుటే బుట్టలో పడుతుంది: విరగని గుండు పప్పు ఒకటి, విరిగిన బద్దా ముక్కా ఒకటి. మీ పని వేరే అయితే బద్ద అన్నచోట మీ దగ్గర వచ్చే లోపాన్ని పెట్టుకుని చదవండి.

"బద్ద ఎక్కువొస్తోంది, ఆడవాళ్లకి ట్రైనింగ్ ఇప్పించండి"

ఇది నాడి చూడకుండా మందు అడగడం. పప్పు విరగడానికి చెయ్యి ఒక్కటే కారణం కాదు. పిక్కకి (డొల్లతో ఉన్న జీడిగింజకి) పట్టించే ఆవిరి ఎక్కువైనా తక్కువైనా విరుగుతుంది. ఆవిరి పట్టిన పిక్కని రాత్రంతా ఆరనివ్వకుండా కటింగ్‌కి పంపినా, పెద్దా చిన్నా కలిపేసి ఇచ్చినా, బ్లేడు మొద్దుబారినా అంతే. వీటిలో ఏదీ మనుషుల్ని క్లాసులో కూర్చోబెడితే బాగుపడేది కాదు.

కాబట్టి ముందు కొలత. ఒక్కొక్కరి బుట్టలోంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అరకిలో చొప్పున పప్పు తీయండి. తీసేముందు బుట్టని అడుగు దాకా బాగా కలపాలి. ముక్కలు కిందికి జారిపోతాయి గనక పైపైన తీస్తే లోపం తక్కువగా కనబడుతుంది. ఈ ఒక్క పొరపాటుతో వారం రోజుల లెక్క పాడైపోతుంది. గుండు, విరిగింది వేరుచేసి గ్రాముల్లో తూకం వేయండి. 500 గ్రాముల్లో 70 గ్రాములు విరిగితే 14 శాతం. ఆరు రోజులు రాయండి, ఆ ఆరు రోజులూ అందరికీ ఒకే లాటు పిక్క ఇవ్వండి.

తర్వాత మార్పిడి పరీక్ష. బద్ద తక్కువొచ్చే మనిషిని, ఎక్కువొచ్చే మనిషిని ఒకరి మిషను మీద ఒకర్ని కూర్చోబెట్టండి. ఇద్దరికీ ఒకే బస్తాలోంచి పిక్క పోయండి. ఆ మిషను వాళ్ల చేతికి కొత్త కాబట్టి మొదటి గంట వదిలేసి, ఆ తర్వాత వచ్చిన పప్పునే తూకం వేయండి. రెండు రోజులు చేస్తే చాలు, సంగతి తేలిపోతుంది. బద్ద మనిషి వెంట వెళ్లిందా, నేర్పాల్సింది ఉంది. మిషను దగ్గరే ఉండిపోయిందా, బ్లేడు పదును, బ్లేళ్ల మధ్య సందు, పెడలు చూడాలి. ఎక్కడ కూర్చున్నా ఇద్దరికీ ఎక్కువే వస్తోందంటే కటింగ్ షెడ్డు వదిలేసి బాయిలర్ దగ్గరికి, ఆరబోసే చోటికి నడవండి.

జూట్ మిల్లులో స్పిన్నింగ్ దగ్గర నూలు తరచూ తెగుతుంటే కూడా ఇదే వరస. జనపనారకి పట్టించిన నూనె నీళ్ల మిశ్రమం సరిపడా ఉందా, షెడ్డులో తేమ ఉందా అన్నవి చూశాకే కార్మికుడి చెయ్యి సంగతి.

"ఎలా చెయ్యాలో తెలుసు, అయినా చెయ్యరు"

ఒక కిలో పిక్క ఇచ్చి, తొందర లేదు, జాగ్రత్తగా చేసి చూపించమనండి. బద్ద బాగా తగ్గిందంటే పని వచ్చినట్టే. ఇక మిగిలింది ఎందుకు చెయ్యడం లేదన్న ప్రశ్న. దానికి జవాబు చాలాసార్లు కూలి లెక్కలో ఉంటుంది. గుండు, బద్ద అన్న తేడా లేకుండా మొత్తం కిలోల మీదే కూలి కడితే ఎవరైనా వేగమే చూసుకుంటారు. అడిగితే వాళ్లే చెబుతారు: "వచ్చు గానీ బాబూ, అలాగ చేస్తే కూలి గిట్టదు." గుండుకి రేటు పెంచడమో, బద్ద ఇంత శాతం దాటకపోతే వారానికింత అదనంగా ఇవ్వడమో యజమాని చేతిలో పని. ట్రైనర్ చేతిలో లేదు. వచ్చిన పనే మళ్లీ నేర్పడమంటే మనిషిని చిన్నబుచ్చడమే.

"ట్రైనింగ్ అవసరాల ఫారం పంచితే అందరూ స్పోకెన్ ఇంగ్లీష్, కంప్యూటర్ అని రాశారు"

ఫారంలో ఏం కావాలని అడిగారు, వాళ్లు కావాల్సింది రాశారు. పనిలో ఎక్కడ ఆగిపోతున్నారని అడగాల్సింది. "పోయిన నెలలో మీరు రెండోసారి చెయ్యాల్సొచ్చిన పని ఏది? ఎవర్ని అడిగితే తేలింది?" ఈ రెండు ప్రశ్నలు పదిమందిని నోటితో అడిగితే, ఫారాల కట్ట కన్నా ఎక్కువ తెలుస్తుంది. దానికి తోడు తిరస్కరణ రిజిస్టరు, మరమ్మతు పుస్తకం, ప్రమాదాల పుస్తకం మూడు నెలలవి ముందేసుకోండి.

"ఫీడ్‌బ్యాక్‌లో అయిదుకి 4.8 వచ్చింది, పనిలో మాత్రం తేడా లేదు"

ట్రైనింగ్‌ని కొలవడానికి అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం మారిందా. ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టునే కొలుస్తుంది. అదీ మేస్త్రి ఎదుట నింపించుకుంటే సరిగ్గా కొలవదు. "ఏటి చెప్పినారో తెల్దు గానీ టిఫిన్ బాగుంది" అన్న మనిషి కూడా 5 మీదే టిక్కు పెడుతుంది.

ఫారం మానేయనక్కర్లేదు, ప్రశ్నలు మార్చండి. "రేపు పొద్దున మీ మిషను దగ్గర ఏ ఒక్క పని వేరేగా చేస్తారు? దానికి ఏం అడ్డొస్తుంది?" దీనికి నోట మాట రాకపోతే క్లాసు సరిగ్గా సాగలేదని ఆ సాయంత్రమే తెలుస్తుంది. అడ్డంకి చెబితే, అది మీరు తొలగించాల్సిన పని.

"పరీక్షలో అందరూ పాస్, చేతిలో పని రాలేదు"

గుర్తున్నది రాయడం వేరు, చెయ్యడం వేరు. కటింగ్‌కి రాతపరీక్ష పెట్టడమే తప్పు. పని చేయించి మార్కులు వేయండి: పిక్కని బ్లేళ్ల మధ్య సరైన వాటంలో పెట్టిందా, పెడలు ఒక్క ఒత్తుతో నొక్కిందా, తెరుచుకున్న డొల్లలోంచి పప్పుని పొడవకుండా తీసిందా, చేతికి నూనె గానీ గ్లవ్స్ గానీ ఉన్నాయా. జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఆఖరుది తప్పితే మొత్తం తప్పినట్టే.

నేర్పే వరసా అంతే. ముందు మాట్లాడకుండా ఒకసారి చేసి చూపాలి. రెండోసారి ఒక్కో అడుగు చెబుతూ, ఎందుకలా చెయ్యాలో కూడా చెప్పాలి. మూడోసారి ఆమె చేస్తూ మీకు చెప్పాలి. ఈ మూడోదే చాలామంది ఎగ్గొడతారు. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటే పక్కన ఆ భాష వచ్చిన పాత కార్మికురాలిని పెట్టండి. తెరమీద ఇంగ్లీష్ అక్షరాలు వేస్తే ట్రైనర్ ధైర్యానికి తప్ప ఎందుకూ పనికిరావు.

"మూడు వారాలు బాగుంది, మళ్లీ మామూలే"

మేస్త్రికి ఆ క్లాసులో ఏం చెప్పారో తెలియదు. సాయంత్రానికి బస్తాలు తేలకపోతే ఆయనే "కానీండి, కానీండి" అంటాడు. కొత్త పద్ధతి అక్కడే చచ్చిపోతుంది. మేస్త్రులకి ఒక వారం ముందే నేర్పండి. 7, 30, 60, 90 రోజులకి ఆయనే పని చూసి టిక్కు పెట్టే కాగితం ఒకటి ఇవ్వండి. మొదటి వారం కొత్త పద్ధతి వల్ల పని నెమ్మదిస్తుంది కాబట్టి కోటా తగ్గించండి. కిలో కూలి మీద ఉన్నవాళ్లకి క్లాసు గంటలకి రోజువారీ సగటు కట్టాలి. కట్టకపోతే వాళ్ల ధ్యాస పోయిన కూలి మీదే ఉంటుంది.

"బద్ద తగ్గింది. కానీ ట్రైనింగ్ వల్లేనా?"

ఇదే కష్టమైన ప్రశ్న. దీన్ని తప్పించుకున్న రిపోర్టులే ఎక్కువ.

రెండు మోసాలు ఉన్నాయి. మొదటిది, ఒక వారం లెక్క చూసి అందరికన్నా అధ్వాన్నంగా ఉన్న పదిమందిని ఎంచుకోవడం. ఆ వారం వాళ్లకి కొంత దురదృష్టం కూడా కలిసొచ్చి ఉంటుంది. ఏమీ చెయ్యకపోయినా వచ్చే నెలకి వాళ్ల అంకె దిగుతుంది, ట్రైనర్ ఖాతాలో పడుతుంది. రెండోది పిక్క మారడం. కొత్త పంట పిక్క, నిల్వ పిక్క, ఆఫ్రికా నుంచి దిగిన పిక్క ఒకే రకంగా తెగవు. ముందు లెక్క ఒక పిక్క మీద, తర్వాతి లెక్క ఇంకో పిక్క మీద తీస్తే ఆ పోలికకి అర్థం లేదు.

మార్గం సులువు. 40 మంది ఉంటే చీటీలు తీసి 20 మందికి ఇప్పుడు, మిగతా 20 మందికి ఆరు వారాల తర్వాత ట్రైనింగ్ పెట్టండి. ఆ ఆరు వారాలూ అందరికీ ఒకే పిక్క, ఒకే తూకం. ఒకే మనిషి అంకె రోజు రోజుకీ 11 నుంచి 15 మధ్య ఊగుతుంటే, ఒక్క రోజు 14 నుంచి 13కి దిగడాన్ని లెక్కలోకి తీసుకోకండి. వారం సగటే చూడండి.

యజమాని "ఎంత మిగిలింది?" అంటాడు కాబట్టి లెక్క ఇలా చెప్పాలి. ఇవి పద్ధతి చూపడానికి వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. మొదటి 20 మంది రోజుకి 200 కిలోల పప్పు తీస్తారు. వాళ్ల బద్ద 14 నుంచి 11కి దిగింది. ట్రైనింగ్ లేని 20 మందిది కూడా 14 నుంచి 13కి దిగింది. అంటే ట్రైనింగ్‌ది 3 కాదు, 2 శాతమే: రోజుకి 4 కిలోల గుండు. గుండుకీ బద్దకీ కిలోకి 100 రూపాయల తేడా ఉంటే రోజుకి 400, నెలకి 25 పనిరోజులకి 10,000. ఖర్చు: ఎనిమిది గంటల రోజుకూలి 400 చొప్పున ఆరు గంటలకి 300, 20 మందికి 6,000, ట్రైనర్‌కి 8,000, నేర్చుకునేటప్పుడు పాడైన పిక్క, మేస్త్రి సమయం 3,000. మొత్తం 17,000. రెండు నెలల లోపు తిరిగొస్తుంది, బద్ద అక్కడే నిలిస్తే. అందుకే 60వ రోజు తూకం మానకూడదు.

"రికార్డులన్నీ ఉన్నాయి, ఆడిటర్ మాత్రం అభ్యంతరం రాశాడు"

నాణ్యత నిర్వహణకి వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9001:2015లో 7.2 క్లాజు నైపుణ్యం గురించి. ట్రైనింగ్ లాంటి చర్య తీసుకుంటే అది పనిచేసిందో లేదో కూడా చూడమంటుంది. హాజరు సంతకాలు, మందుల ఫ్యాక్టరీల్లో ఎస్‌ఓపీ (పని చేసే పద్ధతి రాసిన కాగితం) కింద పెట్టే "చదివాను, అర్థమైంది" సంతకం దానికి జవాబు కావు. రిజిస్టరులో మూడు గళ్లు పెంచండి: ఏ అంకె మారాలి, ఏ తేదీన చూస్తాం, ఎవరు చూస్తారు. ఈ మూడూ క్లాసుకి ముందే నింపాలి. ఆ తేదీకి అంకె మారకపోతే "మారలేదు" అనే రాసి, పక్కనే మార్పిడి పరీక్ష చేసిన తేదీ వేయండి.