గప్పీల తోకలు తెగుతుంటే మందు వేయకముందు

చెన్నైలో మా 80 లీటర్ల చేపల ట్యాంకులో గప్పీల తోకలు చిరుగుతుంటే ఫిన్ రాట్ (రెక్కలు, తోక కుళ్లే జబ్బు) అనుకుని మందు వేశాం. దండగ! కుళ్లితే అంచు తెల్లబడి పీలికలవుతుంది. ఇక్కడ గోటితో గిల్లినట్టు ముక్క లేచిపోయింది. కొరికినవి అదే ట్యాంకులోని మూడు టైగర్ బార్బ్ చేపలు. ఎనిమిది, పది ఉంటే వాటిలో అవే తరుముకుంటాయి, తక్కువైతే పక్క చేపల మీద పడతాయి. గుంపు పెంచినా పొడవు తోకలున్న గప్పీ, ఏంజెల్ చేపల పక్కన వాటిని నమ్మలేం. తీసేశాం.

తోకలు మానాలని రోజు విడిచి రోజు పావువంతు నీళ్లు, క్లోరిన్ పోగొట్టి, మార్చాం. కొత్త తోక ముందు గాజులా పారదర్శకంగా వస్తుంది, రంగు తర్వాతే.

బార్బుల స్థానంలో ప్లాటీలు వేశాం, ఒక మగదానికి రెండు ఆడవి చొప్పున. మా బోరు నీళ్ల కాఠిన్యం (కరిగిన ఖనిజాల పాలు) వాటికి సరిపోతుంది. నియాన్ టెట్రా చేపలకు కాఠిన్యం తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, అందుకే ముచ్చటపడినా తేలేదు.