ఖరీదైన ప్రాసెసర్ కొనాలా, ఉన్నదాన్ని ఓవర్‌క్లాక్ చేయాలా? మన ఉక్కపోతలో తేల్చుకోవడం ఎలా

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే చాలు, భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల స్టూడియోల వాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "పెద్ద ప్రాసెసర్ వేయించమంటారా, ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేసేస్తే సరిపోద్దంటారా అండీ?" ఓవర్‌క్లాక్ అంటే చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం. కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా పని కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డెల్టాలో, ఏసీ లేని గదిలో, ఓవర్‌క్లాక్ కోసం పెట్టిన డబ్బులో చాలా భాగం వేడి రూపంలోనే పోతుంది. అలాగని అందరూ అన్నిటికంటే పై మోడల్ కొనక్కర్లేదు. మీకు ఏది కావాలో ఒక మధ్యాహ్నం కూర్చుంటే మీరే తేల్చుకోవచ్చు.

మొదట, పని ఎక్కడ ఆగుతోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేయండి. గ్రాఫ్‌ను లాజికల్ ప్రాసెసర్లుగా మార్చుకుంటే గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఇప్పుడు మీరు రోజూ చేసే పనే నడపండి. టెస్టు ప్రోగ్రాములు ఇప్పుడే వద్దు.

గళ్లన్నీ నిండిపోయాయంటే మీకు ఎక్కువ కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) కావాలి. ఒకటి రెండు గళ్లే నిండి మిగతావి ఖాళీగా ఉంటే ఒక్కో కోరు వేగం కావాలి. అది కొత్త తరం చిప్‌లో బాగా దొరుకుతుంది, ఓవర్‌క్లాక్‌తో కొద్దిగా దొరుకుతుంది. గళ్లు సగం కూడా నిండకుండా డిస్కు 100 శాతం చూపిస్తుంటే ప్రాసెసర్ జోలికే పోకండి. ఆల్బమ్ డిజైన్ చేసే ఒకాయన ప్రాసెసర్ మార్చమని క్యాబినెట్ మోసుకొచ్చారు. చూస్తే 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. ఎస్ఎస్‌డీ వేసి ర్యామ్ రెట్టింపు చేస్తే, అదే ప్రాసెసర్‌తో ఇప్పటికీ పని చేసుకుంటున్నారు. వీడియో ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గ్రాఫ్ కూడా చూడండి. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్‌లో ఉంటే చాలా భారం గ్రాఫిక్స్ మీదే పడుతుంది.

తర్వాత, కాగితం మీద లెక్క వేయండి

ఓవర్‌క్లాక్‌కి అంత పేరు ఊరికే రాలేదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ 300 మెగాహెర్ట్జ్ చిప్. దాని బస్ వేగాన్ని (చిప్‌కూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే వేగం) 66 నుంచి 100కి మారిస్తే చాలామంది దగ్గర 450కి చేరేది. అంటే చవక చిప్ ఒకటిన్నర రెట్లు పరిగెత్తేది. 2011 నాటి కోర్ ఐ5 2500కె కూడా అలాంటిదే, 3.3 గిగాహెర్ట్జ్ చిప్‌ను మంచి కూలర్ పెట్టి 4.5 దాకా తోసేవాళ్లు. ఇప్పుడు ఆ మిగులు కంపెనీలే ముందుగా వాడేసుకుంటున్నాయి. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 5600 మామూలు వేగం 3.5 గిగాహెర్ట్జ్ కానీ చల్లగా ఉన్నంతసేపూ తనంతట తానే 4.4 దాకా వెళుతుంది. మనకు వదిలింది కొసరే.

ఆ కొసరుకి ఎంత పెట్టాలో చూడండి. ఇంటెల్‌లో కోర్ల వేగం పెంచాలంటే పేరు చివర "కె" ఉన్న చిప్పూ, జెడ్ సిరీస్ మదర్‌బోర్డూ రెండూ ఉండాలి. ఏఎమ్‌డీలో చాలా రైజెన్ చిప్‌లకు తాళం ఉండదు గానీ ఏ320, ఏ520 బోర్డుల మీద కుదరదు. కనీసం బి450, బి550 లాంటివి కావాలి. దానికి తోడు వేరే కూలర్, నమ్మకమైన ఎస్ఎమ్‌పీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే పెట్టె). వీటన్నిటి ధరలూ మీ షాపులో అడిగి కలపండి. ఆ మొత్తానికి పై మోడల్ చిప్పే వచ్చేస్తుంటే లెక్క అక్కడితో తేలిపోయినట్టే.

ఇక వేడి. చిప్ వాడే కరెంటు గడియారపు వేగంతో (గిగాహెర్ట్జ్ లెక్కతో) పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 వోల్టులతో 3.9 గిగాహెర్ట్జ్ నడిచే ఆరు కోర్ల చిప్‌ను 1.35 వోల్టులు ఇచ్చి 4.2కి తెచ్చారనుకోండి. వేగం 8 శాతం లోపే పెరిగింది. వేడి మాత్రం సుమారు 36 శాతం పెరిగింది. రెండు గంటల రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా తయారుచేయడం) మహా అయితే 111 నిమిషాలకు వస్తుంది. అదే తరానికి చెందిన ఎనిమిది కోర్ల చిప్ వేస్తే, సాఫ్ట్‌వేర్ అన్ని కోర్లనూ వాడుకోగలిగితే, 90 నిమిషాల దాకా దిగొచ్చు.

గది వేడిని లెక్కలోకి తీసుకోండి

యూట్యూబ్‌లో ఓవర్‌క్లాక్ చేసి చూపించేవాళ్లలో ఎక్కువమంది చల్లటి గదుల్లో కూర్చుని చేస్తారు. కూలర్ గది గాలినే చిప్ మీదకు తోస్తుంది, అంతకంటే చల్లగా చేయలేదు. 24 డిగ్రీల గదిలో 72 చూపించిన చిప్, రోహిణి కార్తెలో 38 డిగ్రీలున్న మన మేడ మీద గదిలో 86 చూపిస్తుంది. సెట్టింగులేవీ మారకపోయినా 14 డిగ్రీలు అలా చేరిపోతాయి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. సంక్రాంతి రోజుల్లో ఒక స్టూడియోకి రైజెన్ 5 3600ను 4.2 దగ్గర బిగించి, రాత్రంతా టెస్టు నడిపి, బాగుందని ఇచ్చేశాను. వైశాఖ ముహూర్తాల్లో రెండరింగ్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. వెళ్లి పక్క తలుపు తీశాను. హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుమ్ము దూదిలా దట్టంగా పేరుకుపోయి ఉంది. అడుగున వర్షాకాలం నాటి రెక్కల పురుగులు ఎండిపోయి ఉన్నాయి. చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు సున్నంలా పెళ్లలుగా ఊడొచ్చింది. శుభ్రం చేసి, కొత్త పేస్టు పెట్టి, ఓవర్‌క్లాక్ తీసేస్తే ఆగడం మానేసింది. కానీ పెళ్లివారికి మాట ఇచ్చిన రోజు అప్పటికే దాటిపోయింది. ఆ స్టూడియో ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

నరసాపురం, అంతర్వేది వైపు వాళ్లకు ఉప్పుగాలి అదనం. అక్కడ క్యాబినెట్ మరలే తుప్పు పట్టి కనిపిస్తాయి.

అయినా చేస్తాను అంటే, ఈ వరసలో చేయండి

దుమ్ము దులిపి, కొత్త పేస్టు పెట్టి మొదలుపెట్టండి. యూపీఎస్ బ్యాటరీ, గోడ ప్లగ్గు ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. బయోస్ (బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రాము) అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని ముట్టుకోకండి.

తర్వాత ర్యామ్. 3200 వేగం ఉన్న డీడీఆర్4 కొనుక్కుని, బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయక 2133 లేదా 2400 దగ్గరే నడుపుకుంటున్న వాళ్లను ఎంతమందినో చూశాను. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఆ అంకె కనిపిస్తుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే వేగం ఇది.

మూడోది నాకు బాగా నచ్చిన పద్ధతి, వోల్టేజీ తగ్గించడం. రైజెన్ 5000 సిరీస్ చిప్, దానికి వీలిచ్చే బోర్డు ఉంటే బయోస్‌లో పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) కింద కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. ఆల్ కోర్, నెగటివ్, 10 అని పెట్టండి. రెండు రోజులు పని చేసుకుని ఏ ఇబ్బందీ లేకపోతే 15కి వెళ్లండి. వేడి తగ్గిన చిప్ తన బూస్ట్ వేగం (తనంతట తానే ఎక్కే పై వేగం) దగ్గర ఎక్కువసేపు నిలబడుతుంది. ఎండాకాలంలో మనకు కావలసింది అదే. పీబీఓ వాడినా, చేత్తో వేగం పెంచినా, దానివల్ల చిప్ దెబ్బతింటే వారంటీ వర్తించదని గుర్తుంచుకోండి.

చేత్తోనే పెంచాలనుకుంటే వోల్టేజీ కదపకుండా, ఒక్కసారికి 100 మెగాహెర్ట్జ్ మాత్రమే పెంచండి. ప్రతిసారీ ఓసీసీటీ అనే టెస్టు ప్రోగ్రాము ఒక గంట నడుపుతూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఉష్ణోగ్రత చూడండి. ఈ టెస్టు మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపేసి చేయాలి. రాత్రి పూట నెగ్గిన టెస్టును నేనిక నమ్మను. 85 డిగ్రీలు దాటినా, ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి రండి. తెరే రాకపోతే కరెంటు తీసేసి, బోర్డు పుస్తకంలో చెప్పినట్టు సీమాస్ క్లియర్ చేస్తే (అంటే బయోస్ సెట్టింగులు చెరిపేస్తే) మామూలుకొస్తుంది.

పై మోడల్ ఎవరికి

రోజూ గంటల తరబడి రెండరింగ్ ఉండి, ఆ గంటలే మీ సంపాదన అయితే కోర్ల మీద డబ్బు పెట్టండి, వెనకాడొద్దు. ఆటలకైతే రైజెన్ 7 5800ఎక్స్3డీ లాంటి చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది. 5600లో ఉన్నది 32. ఎంత ఓవర్‌క్లాక్ చేసినా కొత్త క్యాష్, కొత్త కోర్లు పుట్టవు.

అట్టడుగునున్న చిప్ నుంచి ఒక్కసారే కొసకు ఎక్కకండి. కోర్ ఐ9 14900కె పూర్తి భారం మీద 253 వాట్ల దాకా తీసుకుంటుంది, ఆ వేడంతా మీ గదిలోనే ఉంటుంది. రైజెన్ 7 5700ఎక్స్‌కి కంపెనీ చెప్పే టీడీపీ (చిప్ వేడి అంచనా) 65 వాట్లే. ఇంకో మాట. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజీ అందుకుని దెబ్బతింటున్నాయని తేలి, 2024 ఆగస్టులో బయోస్ అప్‌డేట్ ద్వారా అందే 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాలు) సవరణ విడుదలైంది. వారంటీని కూడా రెండేళ్లు పొడిగించారు. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది చవగ్గా వస్తోందంటే, ఆ బోర్డు బయోస్ ఎప్పటిదో అడగకుండా డబ్బు ఇవ్వకండి.

ఏ దారిలో వెళ్లినా, పనయ్యాక ఒక చీటీ మీద తేదీ, గది ఉష్ణోగ్రత, పూర్తి భారం మీద చిప్ ఉష్ణోగ్రత రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించండి. మే నెలలో మళ్లీ చూసి కింద రాయండి. గది 12 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే పెరగాలి. 20 పెరిగిందంటే దుమ్ము పేరుకుంది, లేదా పేస్టు ఎండింది. తలుపు తీసి బ్రష్ అందుకోండి.